వాగు కన్నా ఎక్కువ వాగరాదు

పొగడకోన అనే అడవిలో తెల్లవారితే నేలంతా పొగడపూలే. రాత్రి ఆకాశంలోని చుక్కలన్నీ రాలి పడ్డాయా అన్నట్టు ఉండేది. ఆ పూల మీద అడుగులు వేస్తూ చుక్కల దుప్పులు, కుందేళ్లు, ఎలుగుబంట్లు, గుంటనక్కలు తిరిగేవి. కొమ్మల్లో నెమళ్లు, వడ్రంగిపిట్టలు, ఉడతలు ఉండేవి. అడవి అంచున ఒక వాగు పారేది. వాగుకి ఇవతల పొగడకోన, అవతల తాటికోన. ఈ గట్టు దాకా ఈ కోన పంచాయతీది. ఆ గట్టు నుంచి ఆ కోన పంచాయతీది.

పొగడకోనలో ఏనుగులు లేవు. పులి కూడా లేదు. అయినా అక్కడి జంతువులు తల ఎత్తుకుని తిరిగేవి. ఎందుకంటారా? వాటికొక కట్టుబాటు ఉంది. అలాంటిది చుట్టుపక్కల ఏ అడవిలోనూ లేదు.

ఆ కట్టుబాటు ఒక్క ముక్కే. "వాగు కన్నా ఎక్కువ వాగరాదు."

అంతే. పాడుకోవచ్చు, పిలుచుకోవచ్చు, సరదాగా పోట్లాడుకోవచ్చు కూడా. కానీ గట్టు మీది నల్లబండ దగ్గర కూర్చుంటే మాత్రం వాగు గలగల వినబడాలి. నీ గోలలో వాగు మునిగిపోయిందా, నువ్వు హద్దు దాటినట్టే. ఆ నల్లబండని అందరూ వినికిడిబండ అనేవారు.

హద్దు దాటిన వాళ్లకి శిక్ష కూడా ముచ్చటగా ఉండేది. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకే దాకా వినికిడిబండ మీద కూర్చుని వాగుని వింటూ ఉండాలి. మాట్లాడకూడదు. దాన్ని "చెవులు కడుక్కోవడం" అనేవారు.

"ఒరే, మొన్న వడ్రంగిపిట్ట చెవులు కడుక్కుందట!" అని ఉడతలు పకపకా నవ్వుకునేవి.

పంచాయతీ పెద్ద ఒక అలుగు. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, సన్నటి మూతి, నెమ్మది నడక. అందరూ అలుగవ్వ అని పిలిచేవారు. ఏదైనా పెద్ద ఆలోచన వస్తే అలుగవ్వ బంతిలా ముడుచుకుపోయేది. పిల్లలు చుట్టూ మూగేవి.

"అవ్వా, అలుగవ్వా! అలిగావా?"

"అలగలేదురా, ఆలోచిస్తున్నా. అవతలికి పోండి."

"అవ్వా, ఈ కట్టుబాటు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?"

"మా అవ్వల నాటిది. ఎందుకు పెట్టారో నాకూ తెలీదురా. మంచిదని మాత్రం తెలుసు."

మంచిదే మరి. తాటికోనలో ఎప్పుడూ గోల. ఆ కోనలో పిల్లల్ని కన్న తల్లులు కాస్త కునుకు తీయడానికి వాగు దాటి పొగడకోనకి వచ్చేవి. అప్పుడు పొగడకోన కుందేళ్లు మీసాలు దువ్వుకుంటూ "రండి, రండి. మా కోనలో ఆకు రాలినా వినబడుద్ది" అనేవి. ఆ గర్వం చూసి తీరాల్సిందే.

ఈ పొగడకోనలో నీలకంఠం అనే మగ నెమలి ఉండేది. దాని మెడ రంగు చూస్తే వాన వెలిసిన ఆకాశం గుర్తొచ్చేది. పింఛం విప్పితే వెయ్యి కళ్లు ఒక్కసారి తెరుచుకున్నట్టు ఉండేది. అందం ఉంది, ఆట ఉంది. వాటితోపాటు గర్వం కూడా పింఛమంత పొడుగ్గా పెరిగింది.

నీలకంఠానికి సంపెంగ అనే ఆడనెమలి అంటే ప్రాణం. సంపెంగ నేరేడు చెట్టు మీద ఉండేది. ఒక సాయంత్రం నీలకంఠం ఆ చెట్టు కింద ఆడి ఆడి అలిసిపోయింది.

"ఎలా ఉంది నా ఆట?" అని అడిగింది.

"బాగుంది. కళ్లు తిప్పుకోలేకపోయాను" అంది సంపెంగ. "కానీ నీ మాటే నాకు ఇంకా వినబడలేదు."

పాపం, సంపెంగ అడిగింది మనసులో మాట. నీలకంఠానికి మాత్రం ఇంకోలా అర్థమైంది. "నా గొంతు చాల్లేదన్నమాట! ఇంకా గట్టిగా అరవాలన్నమాట!" అనుకుంది.

కానీ అరిస్తే కట్టుబాటు. అరిస్తే వినికిడిబండ. నీలకంఠానికి ఒళ్లు మండింది.

"ఈ వాగెంత, నేనెంత? ఈ నీళ్లకి తగ్గి నేను మాట్లాడాలా?" అని గుంటనక్కల దగ్గర గొణిగేది.

నక్కలకి ఇలాంటివాళ్లంటే మహా ఇష్టం. "నీలాంటి గొంతు వెయ్యేళ్లకి ఒకటి పుడుతుందన్నా. ఈ కోనకి ఆ విలువ తెలీదు" అనేవి.

ఇంతలో ఎండలు ముదిరాయి. ఆ యేడు ఎండలు మామూలుగా లేవు. ఇప్పచెట్లు ఆకులు దులిపేసుకున్నాయి. వాగు సన్నబడింది, తీగలా అయింది. ఒకరోజు పొద్దున అలుగవ్వ వినికిడిబండ మీదికొచ్చి చెవి పెడితే ఏమీ వినబడలేదు. వాగు ఎండిపోయింది. తెల్లటి ఇసుక మాత్రం మెరుస్తూ పడుకుని ఉంది.

అదే రోజు సాయంత్రం నీలకంఠం ఇవతలి గట్టు వారన ఒక దుంగని చూసింది. పాత వరదకి ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన మద్దిదుంగ అది. లోపలంతా తొర్ర. ఒక పక్క సన్నటి రంధ్రం, ఇంకో పక్క పెద్ద నోరు. నీలకంఠం సన్నటి రంధ్రంలో ముక్కు పెట్టి ఊరికే ఒక కూత వేసింది.

అమ్మో! అవతలి నోట్లోంచి ఆ కూత పదింతలై వచ్చింది. గుట్టలు అదిరాయి. కుందేళ్లు ఎగిరి పడ్డాయి.

నీలకంఠం మురిసిపోయింది. "ఇదీ నా గొంతంటే!"

"మరి కట్టుబాటన్నా?" అన్నాయి నక్కలు దొంగచూపులు చూస్తూ.

"ఏం కట్టుబాటు? వాగు కన్నా ఎక్కువ వాగరాదన్నారు. వాగే లేదు. వాగు లేనప్పుడు హద్దెక్కడుంది?"

"ఆహా! ఏం తెలివన్నా, ఏం తెలివి!"

ఆ రోజు నుంచి పొద్దు వాలితే మేళం మొదలు. వడ్రంగిపిట్ట దుంగ మీద టకటకా దరువు వేసేది. నక్కలు ఊళలు పెట్టేవి. నీలకంఠం తొర్రలో కూతలు కూసేది. మధ్యమధ్యలో పింఛం విప్పి నేరేడు చెట్టు వైపు చూసేది. సంపెంగ మాత్రం రెక్కలతో తల కప్పుకుని కూర్చునేది.

అందరికీ తల దిమ్మెక్కింది. కానీ అందరికన్నా కష్టం చుక్కమ్మకి వచ్చింది.

చుక్కమ్మ ఒక చుక్కల దుప్పి. దానికి కొత్తగా ఒక పిల్ల పుట్టింది. ఒంటి మీది చుక్కలు మిణుగురుల్లా మెరుస్తాయని మిణుగు అని పేరు పెట్టుకుంది. దుప్పులకి ఒక పద్ధతి ఉంది. తల్లి మేతకి పోయేటప్పుడు పిల్లని దట్టమైన గడ్డిలో దాచి పోతుంది. పిల్ల రాయిలా కదలకుండా పడుకుంటుంది. తల్లి తిరిగొచ్చి సన్నగా "మ్మే" అని పిలిస్తేనే లేస్తుంది. వేరే ఎవరు పిలిచినా లేవదు. అలా లేస్తే తోడేళ్ల పాలవుతుంది కదా!

ఆ యేడు ఎండకి పచ్చగా ఉన్న గడ్డి ఒక్క చోటే ఉంది. వాగు నడిమధ్యన ఇసుకదిబ్బ మీద రెల్లుపొదలు. చుక్కమ్మ మిణుగుని అక్కడ దాచింది. సాయంత్రం పాలివ్వడానికొచ్చి గట్టున నిలబడి పిలిచింది.

"మ్మే!"

మేళం హోరులో ఆ పిలుపు చుక్కమ్మకే వినబడలేదు. ఇక మిణుగుకేం వినబడుతుంది? రెల్లులో అలాగే పడుకుని ఉంది. చుక్కమ్మ రెల్లంతా తిరిగింది. రాయిలా ఉండమని తనే నేర్పింది, పిల్ల రాయిలాగే ఉంది. కనబడలేదు. మేళం ఆగాక పిలిస్తే అప్పుడు లేచొచ్చింది. ఆకలికి కాళ్లు వణుకుతున్నాయి.

మర్నాడు చుక్కమ్మ పంచాయతీ పెట్టించింది. అందరూ వినికిడిబండ చుట్టూ చేరారు.

"అవ్వా, నా బిడ్డ పాలు లేక ఎండిపోతోంది. నేను పిలిస్తే దానికి వినబడటం లేదు. ఈ గోల ఆపించు" అంది చుక్కమ్మ.

నీలకంఠం మెడ నిక్కించింది. "నేనేం తప్పు చేశాను చెప్పు. కట్టుబాటు ఏమంటోంది? వాగు కన్నా ఎక్కువ వాగరాదు. ఏదీ వాగు? చూపించండి!"

అందరూ వాగు వైపు చూశారు. ఇసుక. తలలు గోక్కున్నారు.

అప్పుడు ఎలుగు మామ లేచింది. ఎలుగు మామకి కట్టుబాట్లంటే వల్లమాలిన ప్రేమ. "తప్పు నీలకంఠం, నువ్వు చెప్పింది తప్పు. వాగు ఉంది. కానీ వాగటం లేదు. వాగు ఏమీ వాగనప్పుడు, వాగు కన్నా ఎక్కువ వాగరాదంటే ఏంటి? ఎవ్వరూ ఏమీ వాగరాదని!"

"అబ్బ! నిజమే" అన్నాయి కుందేళ్లు.

అలుగవ్వ ముడుచుకుంది. చాలాసేపు ఆలోచించింది. కట్టుబాటు మాట తప్పకూడదు కదా అనుకుంది. చివరికి మూతి బయట పెట్టి చెప్పింది. "అయితే సరే. వాగు పారే దాకా పొగడకోనలో ఎవరూ నోరెత్తకూడదు."

ఇక చూడాలి తమాషా!

ఉడతలు గింజలు కొరకడం మానేసి చప్పరించడం మొదలెట్టాయి. తేనెటీగలు రెక్కలాడించకుండా పూల మీదికి నడిచి వెళ్లాయి. కొత్తగా జతకట్టిన కుందేళ్ల జంట ఒకటి కళ్లతోనే పోట్లాడుకుంది, కళ్లతోనే రాజీపడింది. ఒక అడవిపందికి తుమ్ము వస్తే ముక్కు మట్టిలో పూడ్చుకుని తుమ్మింది. మట్టంతా పక్కనున్న ముంగిస మీద పడింది. ముంగిస తిట్టలేక ఏడ్చింది.

ఎలుగు మామ మధ్యాహ్నం నిద్రలో గుర్రు పెట్టి దొరికిపోయింది. తన కట్టుబాటు తనకే తగిలింది. పోయి వినికిడిబండ మీద కూర్చుంది. వినడానికేమో వాగు లేదు! పొద్దు గూకే దాకా ఇసుకని చూస్తూ కూర్చుంది.

నీలకంఠం కూడా నోరు మూసుకుంది. కానీ లోపల నవ్వుకుంది. "ఎన్నాళ్లుంటారో చూద్దాం" అన్నట్టు తోక ఊపుకుంటూ తిరిగింది.

పొద్దు వాలింది. అలుగవ్వ గట్టు మీద నడుస్తోంది. అడవి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, రాలే పొగడపువ్వు చప్పుడు కూడా వినబడుతోంది. అలుగవ్వకి గుండె ఉప్పొంగింది. "ఇదీ నా కోన! కావాలని ఒక్కరూ మాట తప్పలేదు!"

అప్పుడు చుక్కమ్మ కనబడింది. రెల్లుపొదల ఎదురుగా ఇసుకలో నిలబడి ఉంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. పిలవటం లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

అలుగవ్వ గబగబా దగ్గరికెళ్లింది. తన ఆజ్ఞ తనే మరిచిపోయి పైకే అడిగింది. "ఏమ్మా, పిలవవేం?"

చుక్కమ్మ తల అడ్డంగా ఊపింది. చెవి దగ్గరికొచ్చి ఊపిరితో చెప్పింది. "నేను పొగడకోన బిడ్డని అవ్వా. కట్టుబాటు తప్పను."

అలుగవ్వకి ఎవరో గుండె మీద కొట్టినట్టయింది. నిన్న గోల వల్ల ఈ బిడ్డకి పాలు లేవు. ఇవాళ నిశ్శబ్దం వల్ల పాలు లేవు. అలాంటప్పుడు కట్టుబాటు ఎవరి కోసం?

"పిలువమ్మా" అంది. "నేను చెప్తున్నాను. పిలువు."

"మ్మే!"

రెల్లు కదిలింది. మిణుగు తూలుకుంటూ లేచొచ్చి తల్లి పొదుగు పట్టుకుంది. అలుగవ్వ ఆ పాలు తాగే చప్పుడు విన్నది. చాలాసేపు అక్కడే నిలబడి విన్నది.

తెల్లవారగానే మళ్లీ పంచాయతీ.

"నేను పొరపాటు చేశాను" అంది అలుగవ్వ అందరి ముందూ. ఏమాత్రం తలదించుకోకుండా చెప్పింది. "మాట పట్టుకున్నాను, మంచి వదిలేశాను. ఇకమీదట మన హద్దు ఇది. వాగు పారినప్పుడు వాగు వినబడాలి. వాగు పారనప్పుడు ఈ కోనలో అన్నిటికన్నా చిన్న గొంతు వినబడాలి. చుక్కమ్మ పిలిస్తే మిణుగుకి వినబడాలి. అంత చోటు ఉంచి ఎవరైనా ఎంతైనా పాడుకోండి."

"బాగుంది! బాగుంది!" అన్నారందరూ. ఉడతలు కొరక్కుండా ఆపిన గింజలన్నీ ఒక్కసారే కొరికాయి.

నీలకంఠం మాత్రం ఎగిరి బండ మీద నిలబడింది. "ఏంటీ? ఒక పాలు తాగే పిల్ల చెవి నా గొంతుకి కొలతా? నేను నీలకంఠాన్ని! నా గొంతు తాటికోన దాకా వినబడుద్ది!"

"అది గొప్ప కాదు నాయనా" అంది అలుగవ్వ. "పక్కనున్న చిన్న గొంతు నీ గొంతు పక్కన బతకగలిగితే, అదీ గొప్ప."

"ఈ కబుర్లు నాకొద్దు. మీ కట్టుబాటు ఎక్కడి దాకా? ఈ గట్టు దాకా! తాటికోనది ఆ గట్టు నుంచి! నడుమ ఇసుక ఎవరిది? ఎవరిదీ కాదు! అక్కడే పెడతా నా మేళం. ఎవరొస్తారో రండి చూద్దాం!"

నిజమే, నడుమ ఇసుక ఏ పంచాయతీదీ కాదు. వాగు పారే చోటు మీద పంచాయతీ ఎవరు చేస్తారని పాతకాలం వాళ్లు వదిలేశారు.

నక్కలు దుంగని దొర్లించుకుంటూ పోయి వాగు నడుమ పెట్టాయి. దుంగ పెద్దనోరు రెల్లుదిబ్బ వైపు తిరిగింది. నీలకంఠం అది చూడలేదు. దాని చూపంతా నేరేడు చెట్టు మీదే.

"సంపెంగా! ఇవాళ నా గొంతు వినబడకపోతే అడుగు!" అని కేకేసింది.

చుక్కమ్మ అప్పటికే మేతకి దూరం పోయింది. సాయంత్రం వచ్చి మిణుగుని రెల్లులోంచి పిలుచుకుని వేరే చోటికి మార్చుకుందామనుకుంది. దానికీ ముందు పిలవాలి కదా!

ఆ సాయంత్రం గాలి ఆగిపోయింది. పడమటి కొండల మీద మబ్బు నల్లగా పేరుకుంది. దూరంగా మెరుపులు మెరిశాయి. పొగడకోనలో చినుకు కూడా పడలేదు. వాగులో మేళం మాత్రం హోరెత్తింది. దరువు, ఊళలు, తొర్రలోంచి పదింతలైన కూతలు.

అలుగవ్వ వినికిడిబండ మీదికి వచ్చింది. బండకి చెవి ఆనించింది. అలవాటు కొద్దీ ఆనించింది అంతే. బండ లోపల ఏదో సన్నగా అదురుతోంది. మేళం అదురు కాదు. దాని కింద, ఇంకా లోతుగా, ఆగకుండా.

అలుగవ్వ పొలుసులు నిక్కబొడుచుకున్నాయి. కొండల మీద వాన పడింది. వాగు వస్తోంది! నెమ్మదిగా పారే వాగు కాదు, చెట్లు పెకలించుకుని గోడలా వచ్చే వాగు.

"అవ్వల్లారా!" అంది అలుగవ్వ. "ఇందుకా పెట్టారు కట్టుబాటు! వాగు వినబడాలని! వాగు వచ్చేది వినబడాలని!"

అప్పుడే చుక్కమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి గట్టున నిలబడింది. "మ్మే! మ్మే!" అని గొంతు చీలేలా పిలిచింది. రెల్లు కదల్లేదు. దుంగనోరు రెల్లు వైపే ఉంది, ఆ హోరులో మిణుగుకి ప్రపంచమే వినబడటం లేదు.

"వాగు వస్తోంది! లేవండి! వాగు!" అని అలుగవ్వ అరిచింది. కుందేళ్లు అరిచాయి. ఎలుగు మామ అరిచింది. మేళంలో ఎవరికీ వినబడలేదు. ఒక నక్క వీళ్లని చూసి "చూడన్నా, గట్టు మీద ఎలా కుళ్లుకుంటున్నారో!" అంది. నీలకంఠం మరింత గట్టిగా కూసింది.

అలుగవ్వ గట్టు దిగింది. పొట్టికాళ్లతో ఇసుక మీద పరుగెత్తింది. జీవితంలో ఎప్పుడూ అంత వేగంగా పరుగెత్తలేదు. దుంగ పెద్దనోటి దగ్గరికి పోయింది. లోపలికి దూరింది. బంతిలా ముడుచుకుంది. పొలుసులు తొర్ర అంచులకి బిగుసుకున్నాయి.

దుంగకి బిరడా పడినట్టయింది. కూత లోపలే చచ్చిపోయింది.

"ఏమైంది?" అని వడ్రంగిపిట్ట దరువు ఆపింది. నక్కలు ఊళ ఆపి మొహాలు చూసుకున్నాయి.

ఆ ఒక్క క్షణం అడవంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గట్టు మీద నుంచి ఒక చిన్న గొంతు.

"మ్మే!"

రెల్లు చీలింది. మిణుగు బాణంలా లేచింది. ఇసుక మీద చుక్కలు చుక్కలుగా ఎగురుతూ తల్లి దగ్గరికి వచ్చి పడింది. చుక్కమ్మ దాన్ని మూతితో తోస్తూ గుట్ట మీదికి ఎక్కించింది.

అదే నిశ్శబ్దంలో నక్కలకి కూడా ఇంకో చప్పుడు వినబడింది. "వాగు! ఒరే, వాగురోయ్!" అంటూ తోకలు కాళ్ల మధ్య పెట్టుకుని ఒక్క పరుగు తీశాయి. "అన్నా" అని ఒక్కటి కూడా వెనక్కి తిరిగి పిలవలేదు. వడ్రంగిపిట్ట ఎగిరిపోయింది.

నీలకంఠం మాత్రం కదల్లేదు. "ఎవడ్రా నా గొంతు మూసింది?" అని దుంగని ముక్కుతో పొడుస్తోంది. ఇన్నాళ్ల హోరుకి దాని చెవులు గింగురుమంటున్నాయి. వాగు దానికి వినబడలేదు.

వాగు వచ్చేసింది.

నీళ్లు కాళ్లకి తగిలాక నీలకంఠం ఎగరబోయింది. కానీ పొడవాటి పింఛం తడిసి బరువెక్కింది, కొట్టుకొచ్చిన ముళ్లకంపలో చిక్కుకుంది. రెక్కలు కొట్టుకుంది. లాగింది, పీక్కుంది. పింఛమంతా కంపకి వదిలేసి, బోసి తోకతో నేరేడు కొమ్మ మీద వచ్చి పడింది. వెయ్యి కళ్లూ నురగలో తిరుగుతూ పోయాయి.

"అవ్వా! అలుగవ్వా!" అని పిల్లలు గట్టు వెంట ఏడుస్తూ పరుగెత్తాయి.

మద్దిదుంగ తేలుతూ పోతోంది. ఒక సుడిలో తిరిగింది. వంపు దగ్గర రాళ్లకి తగిలి, మెల్లగా పొగడకోన గట్టుకి ఆనుకుంది. అందరూ దాని చుట్టూ మూగారు. తొర్రలోని పొలుసుల బంతి కదల్లేదు.

మిణుగు అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చి తొర్ర దగ్గర మూతి పెట్టింది. పుట్టాక మొదటిసారి నోరు విప్పింది. "అవ్వా, అలిగావా?"

బంతి మెల్లగా విప్పుకుంది. సన్నటి మూతి బయటికొచ్చింది.

"అలగలేదురా" అంది అలుగవ్వ తుమ్ముతూ. "ఆలోచిస్తున్నా."

ఆ నవ్వులు, ఆ కేకలు! ఆ సాయంత్రం వాగు కన్నా ఎక్కువే వాగారు. అలుగవ్వ చూసీ చూడనట్టు ఊరుకుంది.

మర్నాడు తాటికోన పెద్దలు వాగు ఒడ్డుకొచ్చి అవతలి నుంచి పలకరించారు. "అలుగవ్వా, మీ కట్టుబాటు మాకూ చెప్పు. నడుమ ఇసుక కూడా ఇద్దరిదీ అనుకుందాం" అన్నారు. అలుగవ్వ గర్వంగా, నెమ్మదిగా చెప్పింది. ఆ మాటలు వాగు దాటి వినబడ్డాయి. వాగు కూడా వినబడింది.

వానలు మొదలయ్యాయి. నెమళ్లన్నీ పురి విప్పి ఆడాయి. నీలకంఠం ఆడలేదు. ఆడటానికి పింఛం లేదు. ఎవరూ చెప్పకుండానే ఒక పొద్దున వచ్చి వినికిడిబండ మీద కూర్చుంది. పొద్దు గూకే దాకా వాగుని విన్నది. తర్వాతి పొద్దున కూడా వచ్చింది. ఏ నక్కా తోడు రాలేదు.

కొన్నాళ్లకి వాగు గలగల వెనక ఇంకా చిన్నచిన్న చప్పుళ్లు వినబడసాగాయి. తేనెటీగ రెక్క, రెల్లు ఒరుసుకోవడం, మిణుగు పాలు తాగడం. ఆ పాల చప్పుడు విన్న రోజు నీలకంఠం తల దించుకుంది. లేచి చుక్కమ్మ దగ్గరికి వెళ్లింది.

"తప్పయింది తల్లీ" అంది. అంత మెల్లగా అది ఎప్పుడూ మాట్లాడలేదు.

చుక్కమ్మ దాని బోసితోక వైపు చూసింది. మిణుగుని దగ్గరికి తీసుకుని "సరేలే నీలకంఠం. నా బిడ్డ నాకు దక్కింది" అంది.

నేరేడు కొమ్మ మీది సంపెంగ అదంతా విన్నది. నీలకంఠం వినికిడిబండ మీదికి తిరిగొచ్చాక, ఎగిరి వచ్చి ఒక పక్కగా కూర్చుంది.

"ఇవాళ వినబడింది నీ మాట" అంది.

నీలకంఠం జరిగి చోటిచ్చింది. పింఛం మళ్లీ పెరగాలంటే ఇంకో యేడు ఆగాలి. ఆ లోపు వినవలసింది చాలా ఉంది.

నీతి: తన చప్పుడే తాను వినేవాడికి ముంచుకొచ్చేది వినబడదు. పక్కనున్న చిన్న గొంతుకి చోటిచ్చే గొంతే గొప్ప గొంతు, దాన్ని కాచే కట్టుబాటే గొప్ప కట్టుబాటు.